వెన్నెముక



గత మాసము కన్నులను గుఱించి వ్రాసి, ఈ మాసము పండ్లను గుఱించి వ్రాయుదునని చెప్పియుంటిని. ఆ మాట తప్పుచున్నాను, క్షమింపుడు. ఈ వేసవిలో మా యూర జరిగిన యొక సంగతివలన నా మనస్సంతయు వెన్నెముక మీదనే యున్నది.

మాది ఖమ్మము మైదానములు ముగిసి భద్రాచలపు టడవులు మొదలగు చోటనున్న చిన్న యూరు. ఒకవైపు మిరపచేలు, మఱియొకవైపు తునికి, ఇప్ప, టేకు. పుష్యము మొదలు స్త్రీలు మిరపకాయ లేఱుదురు. వైశాఖమున తెల్లవాఱక మునుపే తునికాకునకు బోవుదురు. వానలు పడగానే నాట్లు. తునికిపొదలను శిశిరమున నఱికిన పిదప లేతకొమ్మలు వచ్చును, వానినుండి ఆకును గిల్లవలెను. అవి మోకాలి యెత్తున నుండును గావున ఆకాకునకును నడుము వంచవలసినదే. ఏబది యాకులు ఒక కట్ట. వేయి కట్టలు ఒక బస్తా. అనగా బస్తాకు 50,000 ఆకులు. మా ప్రాంతపు స్త్రీకి నడుము నిటారుగా నుంచు పని యేది కలదాయని ఒకనాడు లెక్కించితిని. నెత్తిమీద బిందె మోయు టొక్కటే తోచినది.

ఆ స్త్రీలలో ఒక కోయవనిత యేటేట మా యింటికి ఇప్పపువ్వు, చింతపండు తెచ్చును. ఆమె సంక్రాంతి వెళ్లిన పిదప వచ్చి, “పంతులమ్మా, నడుము పట్టింది. నీ చిన్నకొడుకు ఎదురుకాళ్ల బిడ్డ గదా, ఒక్కసారి తన్నించరాదా?” అని యడిగినది. ఎదురుకాళ్లతో బుట్టినవాడు తన్నిన నడుము పట్టు వదలునను నమ్మకము మీకును దెలిసినదే. మా రెండవవా డట్లే పుట్టినాడు, తొమ్మిదేండ్ల వాడు. ఊరివా రెందఱో వానితో తన్నించుకొనిరి. నేను నవ్వి ఊరకుంటిని. వాడు నవ్వుచు తన్నెను. ఆమెయు నవ్వుచు వెడలిపోయెను.

ఆ పిదప నేమైనదో చెప్పుటకు ముందు వెన్ను నిర్మాణము చెప్పవలెను. లేకున్న నేను జేసిన పొరపా టేమో మీకు దెలియదు.

సెలవులలో మావారు బడిలో వ్రేలాడదీయు అస్థిపంజరపు పటమును చెదపురుగుల భయమున ఇంటికి దెచ్చిరి. నేనును పిల్లలును పూసలు లెక్కించితిమి. మెడలో 7, ప్రక్కటెముకలు తగులుకొను చోట 12, నడుమున 5. వాని క్రింద 5 పూసలు ఒకటిగా నతుకుకొని త్రికాస్థి యైనవి; తుదను తోకవలె 4 చిన్నవి. మొత్తము 33. అతుకుకొన్న వానిని ఒక్కొక్కటిగా నెంచిన, పెద్దవారిలో 26. మన సుశ్రుతుడు వెన్నున 30 యెముకలని చెప్పెను. అంత పూర్వమున అంత దగ్గఱగా నెంచుట సామాన్యమా! మీరును తల ముందుకు వంచి మెడ వెనుక తడవి చూచుకొనుడు. వ్రేలికి మిక్కిలి పొడుచుకొని తగులునది సాధారణముగా మెడలోని యేడవ పూస.

ప్రతి పూస వెనుకను ఒక రంధ్రము కలదు. పూసలన్నియు ఒకదానిపై నొకటి చేరగా ఆ రంధ్రములు గొట్టమగును. దానియందు వెన్నుపాము భద్రముగా నుండును. అది చిటికెనవ్రేలి లావున మెదడునుండి దిగి, నడుము మొదటి రెండు పూసల యొద్దనే ముగియును. దానినుండి 31 జతల నాడులు ఇరుప్రక్కలకు బోవును. కాలు కదలుట, మూత్రమును పట్టి యుంచుట, కాలిక్రింద ముల్లు తెలియుట, అన్నియు వీని వలననే.

ఈ స్తంభము సూటిగా నుండదు. పొత్తిళ్లలోని బిడ్డ వెన్ను విల్లువలె ఒకే వంపు. మూడు నాలుగు నెలలకు తల నిలిపినప్పుడు మెడ యొద్ద ఎదురువంపు ఏర్పడును. ఏడాదికి నిలబడి యడుగు వేయునప్పుడు నడుము యొద్ద రెండవ యెదురువంపు. తప్పటడుగులు వేయు బిడ్డ పొట్ట ముందుకు జాపి నడచుట మీరందఱు చూచినదే. తొమ్మిది నెలలు వంగి యుండిన వెన్ను నిలువ నేర్చుకొనుచున్నది.

పూసకు పూసకు నడుమ మెత్తని బిళ్ల యుండును. దాని లోపలిది జిగురువంటి పదార్థము, అందు ఎక్కువ భాగము నీరే. పగలెల్ల బరువు మోయగా ఆ నీరు కొంత యింకును. రాత్రి పండుకొనగా మరల చేరును. అందుచేతనే మనము ఉదయమున సాయంకాలముకన్న రమారమి ఒక సెంటీమీటరు పొడవుగా నుందుము. వినుటకు వింతగా నున్నను దీనియందొక ప్రమాదము కలదు. నిద్ర లేచినప్పుడు బిళ్లలు నిండుగా నుబ్బి యుండును. ఆ వేళ నడుము వంచిన బిళ్లపైనను, పూసలను గట్టియుంచు బంధములపైనను ఒత్తిడి మిక్కుటము. లేచిన పిదప కొన్ని గంటలు వంగుట మానిన వారికి చాలకాలపు నడుము నొప్పి తగ్గినదని 1998లో అమెరికాలో పరీక్షించి ప్రకటించిరి. మన మేమి చేయుచున్నాము? కన్ను తెఱవగానే పొట్టి చీపురుతో వాకిలి యూడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు! తునికాకు స్త్రీ యైతే చుక్క పొడవగానే అడవిలో వంగియుండును. ముగ్గు మానుడని నేను చెప్పను, నేనును మానలేదు. కాని లేచిన యరగంట సేపు నిలిచి చేయు పనులు ముందు ముగించుకొని, పొడుగు కఱ్ఱకు గట్టిన చీపురుతో నూడ్చుచున్నాను. మా అత్తగారు మొదట నవ్విరి. ఇప్పుడు వారును దానినే తీసికొనుచున్నారు.

ఇక కండరములు. మెడనుండి భుజములకు, భుజములనుండి నడుమునకు పఱచుకొన్న వెడల్పు కండరములు చేతులను కదల్చును. వాని క్రింద వెన్నుకు ఇరుప్రక్కల లావు త్రాళ్లవలె పొడవుగా నున్నవి మనలను నిలుపును. మఱియు లోతున పూసనుండి పూసకు గట్టిన చిన్నవి కలవు. ఈ త్రాళ్లు బిళ్ల నడిమి భాగమునకు రమారమి 5 సెంటీమీటర్ల వెనుక నున్నవి. ఏతమును తలంచుకొనుడు. ఒకవైపు పొడుగు, ఒకవైపు పొట్టి. శరీరమునకు 50 సెంటీమీటర్ల దూరమున చేతులు చాచి 10 కిలోల మూట నెత్తినచో, దాని కెదురుగా వెన్ను కండరములు 100 కిలోల బలముతో లాగవలెను. వంగిన మేని బరువు దీనికి వేఱు. ఆ మూటనే పొట్టకు హత్తుకొన్న శ్రమ సగమునకు మించి తగ్గును. స్వీడను దేశపు వైద్యుడు నాకెమ్‌సన్ 1960 ప్రాంతముల జీవించియున్న వారి బిళ్లలో సూది గ్రుచ్చి ఒత్తిడిని కొలిచెను. వంగి బరువెత్తునప్పుడు అది పెరుగుట స్పష్టముగా దెలిసినది.

నాకు అన్నిటికన్న ఆశ్చర్యము గొలిపిన దింకొకటి. మనము నడుమును పూర్తిగా వంచి ఊరక నిలిచినప్పుడు ఆ లావు కండరములు పనిచేయుట మానును. 1951లో ఇంగ్లండున ఫ్లాయిడ్, సిల్వర్ అనువారు విద్యుత్తు పరికరముతో దీనిని చూచిరి. అప్పుడు మేని బరువు నెవరు మోయుదురు? పూసలను గట్టియుంచు బంధములును, బిళ్లలును. ఈ బంధములు చాలసేపు లాగిన సాగును. వెంటనే తిరిగి బిగియవు. నాట్లు వేయునప్పుడు తెలియని నొప్పి లేచి నిలుచునప్పుడు తెలియుటకును, గంటలకొలది వంగి ఆకు గిల్లిన స్త్రీకి మూట నెత్తికెత్తు క్షణముననే నడుము పట్టుటకును ఇదియు నొక కారణము. కనుక వంగి చేయు పనిలో మాటిమాటికి లేచి, చేతులు నడుముపై నుంచి, రెండు మూడుమార్లు వెనుకకు వాలవలెను. బరువెత్తుటకు ముందు కొంతసేపు నిటారుగా నడువవలెను. దీనికి కాసు ఖర్చు లేదు. మేస్త్రి కేకలు మాత్రము వినవలసియుండును.

పనివలన పట్టిన నడుమునకు మంచమెక్కుట మందు కాదు. పూర్వము వైద్యులే వారములకొలది పండుకొనుమనిరి. 1995లో ఫిన్లండున జరిగిన పరీక్షలో, ఓర్చుకొనగలిగినంత వఱకు నిత్యకృత్యములు చేసికొన్నవారే మంచమున నున్నవారికన్న త్వరగా కోలుకొనిరి. పెక్కండ్రకు కొన్ని వారములలో తగ్గును. కాపడము పెట్టుకొనవచ్చును, మెల్లగా నడువవచ్చును.

కాని నడుము నొప్పులన్నియు పనివలన వచ్చినవి కావు. మా పొరుగు నల్లగొండలో ఫ్లోరైడు మిక్కుటమైన బావినీరు ఏండ్లకొలది త్రాగినవారి వెన్నుబంధములు సున్నమువలె గట్టిపడి, పూసలు ఒకటిగా బిగిసికొనిపోయెను. తల త్రిప్పలేనివారు, వంగి మరల లేవలేనివారు ఆ యూళ్లలో ఎందఱో! నెల్లూరు సీమలో నీ వ్యాధిని 1937లోనే వైద్యులు గుర్తించి ప్రకటించిరి. నీరు మార్చిన క్రొత్తవారికి రాకుండును, బిగిసిన వెన్ను మాత్రము సడలదు.

రెండవది క్షయ. అది ఊపిరితిత్తులకే వచ్చునని మనము తలంతుము. ఆ క్రిములు నెత్తురు ద్వారా వెన్నుపూసకును చేరును. పూస ముందుభాగమును తినివేయగా అది ముందుకు కూలును. వెనుకవైపు ఒక పూస మొనవలె పొడుచుకొని వచ్చును. 1779లో ఇంగ్లీషు వైద్యుడు పాట్ దీనిని వర్ణించెను గనుక ఆయన పేరనే పిలుతురు. గూని యనగానే మనకు మంథర జ్ఞప్తికి వచ్చును. రాముని కొండ దాపున నున్న మా ప్రాంతమున ఆ కథ విననివారు లేరు. ఆమె వంకర వెన్నును వంకర బుద్ధికి గుఱుతుగా చెప్పుట నాకు నచ్చదు. గూనికి గుణముతో నేమి పని? భాగవతమున త్రివక్రకును వెన్ను వంకరయే; ఆమె మనస్సున వంకర యెక్కడిది?

వైశాఖమున ఆమె మరల వచ్చెను. ఆకునకు బోలేకున్నానని చెప్పి, తన్నించుమని యడిగెను. ఈసారి ఎందుచేతనో వీపు చూపుమంటిని. నడుముకు పైన ఒక పూస నా వ్రేలికి వేఱుగా తగిలినది. సాయంకాలములందు ఒడలు వెచ్చనగునా యని యడిగితిని. “రోజూ అంతే,” అన్నది. రవికె వదులైనది. రాత్రులు నొప్పికి మెలకువ వచ్చునట. కాళ్లలో తిమ్మిరి మొదలైనది. పూస చెడి యున్నప్పుడు ఒక్క తాపు వెన్నుపామును నలిపి కాళ్లు పడిపోవునట్లు చేయగలదు. సంక్రాంతినాడు మా వాని కాలు ఎచ్చట తగిలినదో నాకు జ్ఞప్తికి రాలేదు.

మావారు మఱునాడే పట్టణమునకు తీసికొనిపోయిరి. ఎక్స్‌రేలో రెండు పూసలు చెడియున్నవి, క్షయయే. మందులు ప్రభుత్వము ఉచితముగా నిచ్చును, కాని ఏడాది వఱకు ఒక్కనాడును మానరాదు. నొప్పి తగ్గగానే మానుటయే ఇందు పెద్ద యపాయము. కనుక ప్రతి ఉదయము మా యరుగు మీదనే మింగవలెనని ఏర్పాటు చేసితిమి. ఇట్టి నొప్పి కలవారు మీ యింట గాని, మీ యింటికి పనికి వచ్చు వారిలో గాని యున్నచో, అనగా జ్వరము, చిక్కిపోవుట, రాత్రి నొప్పి, కాళ్ల తిమ్మిరి, మూత్రము పట్టుదప్పుట వీనిలో నేదియైన నున్నచో, తన్నించకుడు, త్రొక్కించకుడు, వాతలు పెట్టించకుడు. మూత్రము పట్టుదప్పినను, కాళ్లు బలహీనమైనను ఆ దినముననే వైద్యశాలకు జేర్చుడు.

మూడు నెలలు గడచినవి. జ్వరము పోయినది, తిమ్మిరి తగ్గినది. పొడుచుకొని వచ్చిన పూస మాత్రము లోనికి బోదట. నడుమునకు పట్టీ గట్టుకొని వచ్చుచున్నది. మొన్న మాత్ర మింగి, “వచ్చే యేడు ఆకుకు పోవచ్చునా పంతులమ్మా?” అని యడిగినది. వైద్యుని అడిగి చెప్పెదనంటిని. మా చిన్నవాడు ఆమె వచ్చు వేళకు తలుపు వెనుకకు బోయి దాగుకొనుచున్నాడు. ఆమె పిలిచినను రాడు.

పండ్ల సంగతి వచ్చు మాసము.