సాంకేతిక వాణి: గోరంత పిన్ను – కొండంత బాధ్యత



ఖరగ్‌పూర్ అనగానే 1072.5 మీటర్ల ప్లాట్‌ఫారం గుర్తుకు వచ్చును. 2013 వరకు ప్రపంచంలో అత్యంత పొడవైనదిగా అది పేరొందినది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి తెలుగు కుటుంబాలెన్నో స్థిరపడిన ఆ పట్టణంలో, నేడు మనం ముచ్చటించుకొనబోయేది మాత్రం మిల్లీమీటర్లలో కొలిచే ఒక వస్తువును గూర్చి.

ఒకే పట్టాలపైకి రెండు బండ్లకు దారి ఇవ్వకుండా కాపాడు ఏర్పాటే ఇంటర్‌లాకింగ్. ఖరగ్‌పూర్‌లో 423 రూట్లు గల పాత రిలే పద్ధతి స్థానంలో, 2017 నవంబరులో 800 రూట్లు గల ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ అమలులోనికి వచ్చినది. రిలేలు నిర్వహించిన తర్కం ఇందులో సర్క్యూట్ బోర్డులపై సాగును. ఇటువంటి బోర్డును ర్యాకుతో కలుపునదే కనెక్టర్.

ఎలక్ట్రానిక్ ర్యాకులలో చిరకాలంగా వాడుకలో ఉన్న డిన్ 41612 తరహా కనెక్టర్‌నే తీసుకొందాం. వరుసకు 32 చొప్పున మూడు వరుసలలో 96 పిన్నులు, ఒక్కొక్కటి 2.54 మిల్లీమీటర్ల దూరంలో ఉండును. పిన్నులను ఇంకను దగ్గరగా చేర్చినచో చోటు కలిసివచ్చును గాని, చిక్కులును పెరుగును. స్ప్రింగు సన్నబడి ఒత్తిడి తగ్గును. ఒత్తిడి పెంచినచో కార్డును చొప్పించుటయే కష్టమగును. తేమ, ధూళి చేరినచో పక్క పిన్నుకు విద్యుత్తు పాకవచ్చును. ఒక సంకేతం పొరుగు తీగలో ధ్వనించకుండా నడుమ ఎర్త్ పిన్నులను అమర్చవలెను.

ఇంటిలో ఇస్త్రీపెట్టె ప్లగ్గు వదులైనచో వేడెక్కుట గృహిణులందరికీ అనుభవమే. ఇచటను సూత్రం అదియే. బండ్ల అదురుకు పిన్నులు సూక్ష్మంగా ఒరుసుకొన్నచో, తగరపు పూతపై ఆక్సైడు పొర ఏర్పడి స్పర్శ చెడును. అందుచేతనే నికెల్ పొరపై, మైక్రాన్‌కు లోబడిన మందంలోనైనను, తుప్పు పట్టని బంగారు పూత వేయుదురు.

స్పర్శ తెగినచో సిగ్నల్ ఎరుపుకు మారునట్లు వ్యవస్థను రూపొందించెదరు గదా, ఇక భయమేల అని అడుగవచ్చును. బండి ఆగును, నిజమే. కాని పిమ్మట దానిని నడిపించుటకు యంత్రపు కాపలా సడలి, భారమంతా మనిషి జాగరూకతపై పడును. పొరపాటుకు తావు ఏర్పడునది అచటనే.

కావున కార్డును అకారణంగా తీసి పెట్టరాదు. కనెక్టర్ తరగతిని బట్టి 50, 400 లేదా 500 పర్యాయములే దాని ఆయుష్షు. పిన్నులను గరుకు కాగితంతో రుద్దరాదు. బంగారంతో పాటు భద్రతయు రాలిపోవును. కార్డును నిటారుగా, పూర్తిగా కూర్చున్నంతవరకు చొప్పించిన చేయి, తెలియని వేలాది ప్రయాణికులకు రక్షణ కల్పించిన చేయి.

వచ్చే సంచికలో మరొక విషయంతో కలుసుకొందాం.