డెలివరీ అబ్బాయి క్షేమం మన గుమ్మం దగ్గర కూడా ఉంది

పోపులోకి కరివేపాకు లేదని గుర్తొచ్చినా, రాత్రి పూట పిల్లాడికి జ్వరం వచ్చి మాత్ర కావాలన్నా ఇప్పుడు మనకి చేతిలో ఫోనుంటే చాలు. తెచ్చి ఇచ్చే మనిషి గురించి మాత్రం మన ఇళ్ళల్లో మాటలు "ఇంకా రాలేదేమిటి?" దగ్గర మొదలై అక్కడే ఆగిపోతాయి. వేళకి వచ్చాడా లేదా అని చూస్తాం. క్షేమంగా వచ్చాడా, మళ్ళీ క్షేమంగా వెళ్ళాడా అన్న మాట మన మధ్యకి రాదు. రావాలనే నేనంటాను.

ఈ పనిలో అన్నిటికంటే పెద్ద కష్టం ఒంటరితనం. ఆఫీసులోనో, కొట్టులోనో, ఫ్యాక్టరీలోనో కళ్ళు తిరిగి పడితే నీళ్ళు చల్లడానికి పక్కన ఒక మనిషుంటాడు. ఈ అబ్బాయికి ఎవరూ ఉండరు. మన చిన్నప్పుడు పాలు పోసేవాడూ, పోస్ట్‌మాన్ కూడా ఒంటరిగానే తిరిగేవారు, నిజమే. కానీ వాళ్ళు వీధి మొత్తానికీ తెలుసు. పాలు పోసే అతను ఒక పూట రాకపోతే "ఏమైందో ఏమో పాపం, నిన్న దగ్గుతున్నాడు" అని నాలుగిళ్ళ వాళ్ళు అనుకునేవారు. ఇప్పుడు రోజుకో కొత్త మొహం. పొద్దున వచ్చినవాడు సాయంత్రం రాడు. అతను రాకపోతే ఇంకొకరు వస్తారు. అందుకే, రాని మనిషి ఏమయ్యాడని అడిగే వీధి అతనికి లేదు.

మా పిన్ని కొడుకు డిగ్రీ చదువుతూ కూకట్‌పల్లి వైపు సాయంత్రాలు ఈ పని చేశాడు. ఓసారి భోజనానికి వచ్చినప్పుడు "ట్రాఫిక్‌లో భయం వెయ్యదురా?" అని అడిగాను. "ట్రాఫిక్ కాదక్కా, లోపలి సందులు భయం. లైట్లుండవు, ఇంటి నంబర్లు కనపడవు, కుక్కలు వెంటపడతాయి. ఫోన్‌లో చార్జింగ్ అయిపోతే నేనెక్కడున్నానో నాకే తెలీదు" అన్నాడు. ఒక వర్షం రాత్రి గుంతలో బండి జారి మోకాలు చీరుకుపోయిందట. లేచి కూర్చునేలోపు ఫోన్ మోగింది. దెబ్బ తగిలిందేమోనని కాదు, ఆర్డరు ఎందుకు ఆలస్యమైందని. ఈ సంగతి వాడు నవ్వుతూనే చెప్పాడు. మా పిన్నికి మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.

మోకాలి దెబ్బతో పోతే అదృష్టమే. 2023 జనవరిలో మన బంజారాహిల్స్‌లోనే పార్సిల్ ఇవ్వడానికి వెళ్ళిన ఇరవై మూడేళ్ళ కుర్రాడు, ఆ ఇంటి కుక్క మీదికి రావడంతో తప్పించుకోబోయి మూడో అంతస్తు నుంచి పడిపోయి ప్రాణాలు పోగొట్టుకున్నాడు. అదే ఏడాది మే నెలలో మణికొండలో ఇంకొకతను అలాగే మూడో అంతస్తు నుంచి దూకి గాయాలపాలయ్యాడు. ఈ రెండూ హైవేల మీద జరిగిన ప్రమాదాలు కావు. ఇళ్ళ గుమ్మాల దగ్గర జరిగినవి. పెంపుడు జంతువు వల్ల మనిషికి హాని కలగకుండా చూసుకోవలసిన బాధ్యత యజమానిదే అని చట్టమూ చెప్తుంది. కుక్కని గదిలో ఉంచి తలుపు తియ్యడానికి అర నిమిషం పడుతుంది. "మా వాడు ఏమీ చెయ్యడు" అన్న మాట మనకి తెలుసు. మెట్ల మీద చేతుల నిండా సంచులతో నిలబడ్డ మనిషికి ఆ సంగతి తెలీదు కదండీ.

ఇక ఫోన్. ఆర్డరు పెట్టగానే మ్యాపులో చిన్న బండి బొమ్మ కనిపిస్తుంది. అది కదలకపోతే మనం వెంటనే ఫోన్ చేస్తాం. అతను ఒక చేత్తో బండి పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్ తీసి "రెండు నిమిషాల్లో వస్తున్నాను మేడమ్" అంటాడు. ఆ ఒక్క మాట కోసం అతని కళ్ళు రోడ్డు మీంచి పక్కకి తిరుగుతాయి. చెప్పాల్సింది ఉంటే మెసేజ్ పెడదాం, బండి ఆపాక చూసుకుంటాడు. దారి గుర్తులు ఆర్డరు పెట్టేటప్పుడే రాసేస్తే అసలు ఫోనే అక్కర్లేదు. ఇందులో ఇంకో సంగతి కూడా ఉంది. ఆ సమయంలో అతను ఎక్కడున్నాడో చూస్తున్న కొద్దిమందిలో మనం ఒకరం. బొమ్మ ఒకేచోట చాలాసేపు ఆగిపోతే ఫోన్ చేద్దాం, కానీ మొదటి ప్రశ్న "బాబూ, బాగానే ఉన్నావా?" అని ఉండాలి. ఎవరూ ఎత్తకపోతే ఆర్డరు క్యాన్సిల్ చేసి ఊరుకోకుండా యాప్ వాళ్ళకి ఆ సంగతి చెప్పాలి.

"మన భద్రత సంగతేమిటి? మధ్యాహ్నం ఒంటరిగా ఇంట్లో ఉండేది మనమే కదా" అని మీలో కొందరికి అనిపించవచ్చు. ఆ భయం నాకూ ఉంది, అది తప్పు కాదు. కానీ మన భద్రతకీ, అతని భద్రతకీ పోటీ లేదు. గేటు దగ్గర వెలుతురు, మెట్ల దగ్గర కెమెరా, వాచ్‌మన్ దగ్గర వచ్చిపోయే వాళ్ళ లెక్క, ఇవి మనకెంత అవసరమో అతనికీ అంతే. ఇప్పుడు ఈ పనిలో కొందరు ఆడపిల్లలు కూడా ఉన్నారు. తెలియని ఇంటి తలుపు కొట్టే ఆ అమ్మాయికి, తెలియని మనిషికి తలుపు తీసే మనకి ఉండేది ఒకే భయం.

"ఇదంతా కంపెనీలు చూసుకోవాలి, మనకెందుకు?" అన్నది ఇంకో మాట. కంపెనీలు చూసుకోవాల్సిందే, అందులో రెండో మాట లేదు. పడిపోతే నొక్కడానికి ఒక బటన్, దానికి జవాబిచ్చే ఒక మనిషి, "ఈ చోటుకి ఈ వేళలో వెళ్ళలేను" అంటే రేటింగ్ తగ్గించకుండా ఉండటం, ఇవి వాళ్ళ బాధ్యత. నీతి ఆయోగ్ 2022 నివేదిక ప్రకారం ఇలాంటి పనుల్లో 2020-21 నాటికే దేశంలో 77 లక్షల మంది ఉన్నారు. 2029-30 నాటికి 2.35 కోట్లు అవుతారని అంచనా. మన తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో వీళ్ళకి 5 లక్షల ప్రమాద బీమా ప్రకటించింది. మంచిదే. కానీ బీమా జరగరానిది జరిగాక వచ్చేది. జరక్కుండా చూసేది వేరే ఉండాలి. 2025 డిసెంబరు 31న వీళ్ళు సమ్మె చేసినప్పుడు అడిగిన వాటిలో పది నిమిషాల డెలివరీ ఆపమన్నది ఒకటి. ఆ పది నిమిషాలు ఎవరి కోసం పుట్టాయి? మన కోసమేనంటున్నారు. నిజం చెప్పండి, కొత్తిమీర ఇరవై నిమిషాల తర్వాత వస్తే మన పప్పు పాడైపోతుందా?

చట్టాలు వచ్చే వేళకి వస్తాయి. ఈలోగా మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. ఇంటి నంబరు దూరానికి కనపడేలా రాయించడం. రాత్రి ఆర్డరు పెడితే బయట లైటు వేసి ఉంచడం. డబ్బు ఫోన్‌లోనే కట్టెయ్యడం, చీకట్లో నగదుతో తిరిగే పని అతనికి తప్పుతుంది. కుండపోత వానలో అత్యవసరం కానిది మర్నాటికి వాయిదా వెయ్యడం. అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ వద్దనకుండా, గేటు దగ్గర మంచినీళ్ళు, వాచ్‌మన్ వాడే బాత్రూమ్ వీళ్ళకీ అందేలా చూడటం. వీటిలో దేనికీ పెద్ద ఖర్చు లేదు.

మన వీధిలోనే ఎవరైనా బండి మీంచి పడితే 108కి గానీ, 112కి గానీ ఫోన్ చెయ్యండి. పోలీసులతో గొడవెందుకని వెనక్కి తగ్గక్కర్లేదు. సాయం చేసినవాళ్ళని పేరు చెప్పమని బలవంతం చెయ్యకూడదని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం కింద వచ్చిన నియమాల్లోనే ఉంది. రోడ్డు ప్రమాద బాధితులకి మొదటి ఏడు రోజుల్లో లక్షన్నర రూపాయల దాకా నగదు లేని వైద్యం అందించే కేంద్ర పథకం కూడా 2025 మే నుంచి ఉంది. "డబ్బెవరు కడతారు" అని ఆసుపత్రి గుమ్మంలో ఆగిపోయే వాళ్ళకి ఈ సంగతి చెప్పేవాళ్ళు కావాలి.

అపార్ట్‌మెంట్ మీటింగుల్లో నీళ్ళ ట్యాంకర్ గురించీ, పార్కింగ్ గురించీ గంటలు గంటలు మాట్లాడతాం. వచ్చే మీటింగులో ఈ విషయానికి ఓ పది నిమిషాలు అడగండి. పది నిమిషాల్లో మనింటికి ఎన్నో వస్తున్నాయి, వాటిని తెచ్చేవాళ్ళ కోసం మనమూ ఓ పది నిమిషాలు ఇవ్వలేమా?