మేలుకొలుపులు – ఊరివార్తలు

ధనుర్మాసము ప్రవేశించినది మొదలు మా వడ్డాదిలో తెల్లవాఱుజామున నాలుగున్నర గంటలకే మైకు మేలుకొనుచున్నది. పిమ్మట మేమును మేలుకొనవలసినదే. మొదట సుప్రభాతము, దాని వెనుక ఘంటసాలవారి భగవద్గీత, ఆపైని సినిమా వరుసలలో కూర్చిన భక్తిగీతములు. ఎనిమిది గంటల వఱకు విరామము లేదు. నాకు సంగీతమన్న విముఖత లేదు. చిన్ననాడు మా తండ్రిగారి యొద్ద భాగవతము చదువుకొన్నదానను. పద్యమును రాగయుక్తముగా చదివిననే గాని ఆయన యొప్పుకొనెడివారు కారు. అయినను పొయ్యిమీది గిన్నె సయితము కంపించునంత బిగ్గఱగా మ్రోగినపుడు అందు దేవుని నామము వినబడుట లేదు, ఆ గొట్టమే వినబడుచున్నది.

ఇందొక విచిత్రము గలదు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారు పాడిన వేంకటేశ సుప్రభాతము 1963వ సంవత్సరమున రికార్డుగా వెలువడినది మొదలు మన యిండ్లలో తెల్లవాఱుటకు గుర్తుగా నిలిచినది. కాని ఆ స్వామి కొలువున్న తిరుమలలోనే ధనుర్మాసమున సుప్రభాతమును నిలిపి తిరుప్పావై పఠింతురు. ఈ నెల గోదాదేవిది. పాశురములు ముప్పది, దినమున కొకటి. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు వానిని తెలుగున వెలయించిరి గనుక అఱవము రాదను సాకు మనకు లేదు. అందు ఆఱవదానినుండి పదునైదవదాని వఱకు గల పదియును చెలులను నిద్రలేపునవే. గోదాదేవి వీథి నడుమ నిలిచి యందఱకు నొక్క కేక వేయలేదు. వాకిలి వాకిలికిని పోయి, లోపలి పిల్ల స్వభావ మెఱిగి, ఒకతెను బుజ్జగించి, ఒకతెను మందలించి, ఒకతెను పరిహసించి లేపినది. లేపుట యన నిదిగదా!

చట్టము సయితము నా పక్షమే యున్నది. 2000వ సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల ప్రకారము రాత్రి పది గంటలు మొదలు ఉదయ మాఱు గంటల వఱకు బహిరంగస్థలములలో లౌడుస్పీకరు వాడరాదు. ఈ మాట గుడి పెద్దల చెవిని వేయవలయునని బయలుదేరితిని. మా వారు బడిపిల్లల పరీక్షల సంగతి కూడ చెప్పుమనిరి. ఒంటరిగా పోనేల యని పొరుగింటి అప్పను తోడు రమ్మంటిని. ఆమె చెఱకు రైతు భార్య. అయిదు పదులు దాటినది. నా మాట విని నవ్వినది.

"మేష్టారమ్మగారూ, మీ ఇంట్లో గోడగడియారం ఉంది. మాకా మైకే కోడి. ఫోనుంది గాని, దానికి గంట పెట్టడం మా గుంటడికి తప్ప నాకు రాదు. అది కూస్తే లేచి పాలు పితుకుతాను. దాన్ని ఆపించేస్తే నన్నెవరు లేపుతారమ్మా?"

నేను నిరుత్తరనై ఆమె యరుగుపై కూలబడితిని. అప్పుడే వార్తాపత్రిక వచ్చినది. జిల్లా పుటలో స్కూటరుపై నెక్కిన హరిదాసు రంగుబొమ్మ సగము పుట యాక్రమించినది. తలపై అక్షయపాత్ర యున్నది. పాట మాత్రము యంత్రము పాడుచున్నదట. ఆ బొమ్మ క్రింద ఆఱు పంక్తులలో చెఱకు బకాయిలు త్వరలో చెల్లింపబడునని యొక వార్త. ఆ ప్రక్కనే రోడ్డు గోతులు త్వరలో పూడ్పబడునని మఱియొకటి.

"మా డబ్బుల మాటేమైనా రాశారా, అమ్మా?" అని అప్ప యడిగినది. చదివి వినిపించితిని.

"త్వరలో అంటే పండక్కా, ఉగాదికా?"

ఆమె కుమార్తెకు మొన్న వేసవిలో వివాహమైనది. క్రొత్త యల్లుడు తొలి సంక్రాంతికి రావలసియున్నాడు. చెఱకు సొమ్ము చేతికి రానందున అప్ప గాజులు బ్యాంకులో తాకట్టున నున్నవట. బెల్లము లేనిదే మనకు అరిసె లేదు, అరిసె లేనిదే సంక్రాంతి లేదు. ఆ తీపిని పండించిన యింటనే పండుగ వెలవెలబోవుచున్నది. మూడు వారములుగా మైకు బాధను గూర్చి గోడ కీవల నేను చింతించుచుండగా, గోడ కావల నున్న యీ చింత నా చెవిని పడనే లేదు.

ఆ యాఱు పంక్తులలో లేని దొకటి నేనెఱుగుదును. 1966వ సంవత్సరపు చెఱకు నియంత్రణ ఉత్తరువు ననుసరించి, చెఱకు తోలిన పదునాలుగు దినములలో మిల్లు సొమ్ము చెల్లింపవలెను. జాగైనచో ఆ జాగునకు ఏటికి నూటికి 15 రూపాయల వడ్డీ యీయవలెను. అనగా లక్ష రూపాయల బకాయికి నెలకు 1,250 రూపాయలు. ఈ మాట చెప్పగా అప్ప "వడ్డీ కూడానా!" యని నా ముఖమువంక చూచినది. పత్రిక వారి వాగ్దానమును ముద్రించినది గాని యీమె హక్కును ముద్రింపలేదు. నేనైనను చదివినది నాలోనే దాచుకొంటిని గదా!

మా యూరికి చేరువనున్న డిబ్బిడలో ఒడ్డాది మత్స్యవంశపు అర్జున రాజు తామ్రశాసనము దొరకినది. అది శాలివాహన శకము 1191, అనగా క్రీ.శ. 1269 నాటిది. రాజు అగ్రహారము నిచ్చుచు సంవత్సరమును రాగిపై చెక్కించెను. నేటి వార్తలలోని "త్వరలో" అను పదమునకు తిథి లేదు, వారము లేదు.

ఆ ఆదివారము సాయంకాలము మా యరుగుపై ఏడుగురు స్త్రీలు తమ తమ తూకపు చీట్లతో కూర్చుండిరి. చెఱకు తోలిన దినము, టన్నులు, రావలసిన సొమ్ము, గడచిన దినములు, పెరిగిన వడ్డీ, వరుసగా వ్రాసి అర్జీ సిద్ధపఱచితిమి. సంతకము రానివారు వ్రేలిముద్ర వేసిరి. మఱునాడు అప్పయు, ఆమె భర్తయు దానిని అనకాపల్లి తీసికొనిపోయి యిచ్చి రసీదు తెచ్చిరి. సొమ్ము మాత్ర మింకను రాలేదు. రసీదుపై తేదీ యున్నది. ఇకమీద దినములు లెక్కించుటకు మాకొక మొదలు దొరకినది.

మైకు సంగతియు నొక దారికి వచ్చినది. అయిదు గంటలకు గుడిగంట మాత్రము మ్రోగించి, ఆఱు దాటిన పిదప తగ్గుస్వరమున పాటలు వేయుదుమని పెద్దలు సమ్మతించిరి. అప్పకు కోడి యున్నది, బడిపిల్లలకు నిశ్శబ్ద మున్నది. ఏదైన నొకనాడు గంట వినబడకున్న, ఆమె వాకిట నిలిచి "అప్పా!" యని పిలుచుట నా పని యని యొప్పుకొంటిని.

సోదరీమణులారా, పండుగకు ముందు మీరు నొక పని చేయుడు. పత్రికలో మీ యూరిని గూర్చి "త్వరలో" యని కనబడినచో దానిని కత్తిరించి, తేదీ వేసి, పద్దుపుస్తకమున నంటింపుడు. అటుపిమ్మట ఆ వార్త యెవరి యింటిదో ఆ యింటికి పోయి చదివి వినిపింపుడు.