దర్యాప్తు మొదలవడానికే ఏడాదిన్నర

చిన్న వ్యాపారుల సంఘమైన ఢిల్లీ వ్యాపార్ మహాసంఘ్ ఫిర్యాదుతో 2020 జనవరి 13న కాంపిటీషన్ కమిషన్ అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌లపై దర్యాప్తుకు ఆదేశించింది. కొందరు అమ్మకందారులకే పెద్దపీట వేస్తున్నారని, భారీ డిస్కౌంట్లతో మిగతావారిని దెబ్బతీస్తున్నారని ఆరోపణ. నెల రోజులకే కర్ణాటక హైకోర్టు స్టే ఇచ్చింది. 2021 ఆగస్టు 9న జస్టిస్ ఎన్.వి. రమణ ధర్మాసనం, పెద్ద సంస్థలే విచారణకు ముందుకు రావాలంటూ, జోక్యానికి నిరాకరించింది. దర్యాప్తు జరపవచ్చా అన్నది తేలడానికే ఏడాదిన్నర దాటింది!

సంఘబలమున్న వర్తకులకే ఇంత కాలం పట్టింది. అప్పు చేసి వ్యాపారంలోకి దిగిన తొలితరం దళిత అమ్మకందారు ఎన్ని వాయిదాలు తట్టుకోగలడు? స్టే ఉన్నన్నాళ్లూ వడ్డీ ఆగదు. చట్టం ముందు ఇద్దరూ సమానమే కావచ్చు, కాలం మాత్రం పెట్టుబడి ఉన్నవాడి పక్షం. అందుకే దర్యాప్తుపై ఇచ్చే ప్రతి స్టేకూ గడువు ఉండాలి. ఉచిత న్యాయసహాయం కాంపిటీషన్ కమిషన్ గడప దాకా రావాలి.