అతిథి వేషము

పరదేశమునకు పయనమగువారు పెట్టెలో ఏ వస్త్రములు సర్దుకొనవలెను? ఈ ప్రశ్న మిక్కిలి చిన్నదిగా తోచును. కాని ముస్లిములు అధికసంఖ్యలో నివసించు దేశములకు పోవువారి విషయమున దీనికి రెండు విధములైన సమాధానములు వినవచ్చుచుండును. "అచట అందరును ఆపాదమస్తకము కప్పుకొనవలసినదే" యని కొందరందురు. "మా బట్ట మా యిష్టము, ఒకరి కేమి?" యని మరికొందరందురు. ఈ రెండును తొందరపాటు మాటలే.

ముస్లిము దేశములన్నియు ఒక్క తీరున లేవు. తుర్కీలోని ఇస్తాంబుల్ వీథులలో తల కప్పుకొనిన స్త్రీలును, కప్పుకొనని స్త్రీలును ప్రక్కప్రక్కనే నడచుచుందురు. కాని ఆ నగరమందే, 1616లో నిర్మాణము పూర్తియైన సుల్తాన్ అహ్మద్ మసీదులో ప్రవేశించువారు చెప్పులు విడువవలెను. స్త్రీలు తల కప్పుకొనవలెను. సౌదీ అరేబియా 2019లో విహారయాత్రికులకు విరివిగా వీసాల నిచ్చుట ప్రారంభించినప్పుడు, విదేశీ స్త్రీలు అబాయా యను పొడవైన పైవస్త్రమును ధరించి తీరవలసిన పని లేదనియు, భుజములను మోకాళ్లను కప్పు దుస్తులు చాలుననియు తెలిపినది. కావున వీథి యాచారమేదో, ప్రార్థనాలయ నియమమేదో, దేశపు చట్టమేదో ముందుగా విచారించుట యాత్రికుల మొదటి పని.

ఇక రెండవ మాట. తిరుమలలో ఆర్జితసేవలకు వచ్చువారు పంచె, చీర వంటి సంప్రదాయ వస్త్రములు ధరింపవలెనను నియమము కలదు. దూరదేశపు అతిథి యొకడు పంచె కట్టి వచ్చినచో తెలుగువారు సంతోషింతురే గాని, అతడు తన మతమును విడిచెనని తలంపరు. జీవనోపాధికై గల్ఫు దేశములకు పోవు తెలుగువారికిని ఈ న్యాయమే వర్తించును. ఇది స్త్రీలకు మాత్రమే చెప్పవలసిన మాట కాదు. పొట్టి లాగుతో మసీదు వాకిట నిలిచిన పురుషుడును మర్యాద తప్పినవాడే.

ఐతే ఒక బలమైన ఆక్షేపణ కలదు. ఇరానులో 1936లో రెజా షా స్త్రీల ముసుగును నిషేధించెను. 1979 నాటి విప్లవము తరువాత వచ్చిన ప్రభుత్వము 1983లో తల కప్పుకొనుటను శాసనముచే నిర్బంధము చేసెను. ఒకరు బలవంతముగా తీయించిరి. ఒకరు బలవంతముగా కప్పించిరి. స్త్రీల యిష్టమును ఇరువురును అడుగలేదు. 2022లో ఈ నియమమును ఉల్లంఘించినదని నిర్బంధింపబడిన మహసా అమీనీ యను యువతి మరణింపగా, ఇరాను స్త్రీలు వేలకొలదిగా వీథులలో నిలిచి నిరసించిరి. అట్టి చోట యాత్రికురాలు తల కప్పుకొనుట ఆ బలవంతమును మెచ్చుకొనుట కాదా?

కాదు. మర్యాద వేరు, సమ్మతి వేరు. ఆ నియమమును మార్చుకొను హక్కును, అందుకై కష్టపడు ధైర్యమును ఆ దేశపు స్త్రీలవి. యాత్రికురాలు నాలుగు దినములుండి వెడలిపోవును. ఆమె పంతము వలన కలుగు చిక్కు ఆశ్రయమిచ్చిన ఇంటివారికో, వెంట వచ్చిన బండివానికో తగులవచ్చును. అంతగా మనస్సొప్పనివారు ఆ దేశమునకు పోకుండుట నిజాయితీ గల మార్గము. పోయినవారు మాత్రము ఆతిథ్యమిచ్చినవారికి కీడు తేరాదు.

చేతులను కాళ్లను కప్పు వదులైన నూలు దుస్తులు ఎండ నుండియు కాపాడును. వానితోపాటు ఒక పలుచని పైగుడ్డ చాలును. పెట్టెలో అది ఆక్రమించు చోటు కొంచెము. పరాయి యింటి గడపలో అది సంపాదించు గౌరవము అధికము.