మంచం కింద నుంచి లాగకండి

మంచం కింద నక్కిన పిల్లిని బయటికి లాగే హక్కు మీకు లేదు. ఇల్లు మీదే కావచ్చు, మంచం మీదే కావచ్చు, రోజూ పాలు పోసేదీ మీరే కావచ్చు. దెబ్బ తిన్న ప్రాణి వెతుక్కుంటూ వెళ్లి చేరుకున్న ఆ రెండు మూరల చీకటి మాత్రం దానిది. అందులో చెయ్యి పెట్టి, కాలు పట్టుకుని ఈడ్చి, ‘ఏం కాలేదులే, రా’ అంటూ ఒళ్లో అదిమి కూర్చోబెట్టుకోవడం ప్రేమ కాదు, దాడి. ఈ మాట మెత్తగా చెప్పే ఓపిక నాకు లేదు.

సూరత్‌ను ఆనుకుని ఉన్న ఈ కామ్‌రేజ్‌లో ఏటా జనవరి నడిమి రోజుల్లో ఇదే తంతు. 14న గాలిపటాల పండగ ఉత్తరాయణ్, 15న వాసీ ఉత్తరాయణ్. తెల్లారేసరికి డాబాలన్నీ జనంతో నిండిపోతాయి. డాబాకో స్పీకరు. గాలిపటం తెగినప్పుడల్లా ‘కాయ్ పో ఛే’ అని కేకలు, పళ్లేల మోత, పీకలు, చీకటి పడితే టపాసులు. మనిషి చెవి 20 వేల హెర్ట్జ్ దాటిన శబ్దాన్ని పట్టుకోలేదు. పిల్లి చెవి దాదాపు 80 వేల దాకా పట్టుకుంటుంది. గోడ అవతల ఎలుక పిల్ల కదలికను వినడానికి పుట్టిన చెవి అది. దాని మీద రెండు రోజుల పాటు ఇంత మోత కుమ్మరిస్తాం. పైగా డాబాలూ పిట్టగోడలూ పిల్లులకు దారులు. ఇంటి నుంచి ఇంటికి అవి నేల మీద నడవవు, గోడల మీద నడుస్తాయి. పండగ పేరుతో వాటి దారులన్నీ మూసేసి, పిల్లి ఎక్కడికి పారిపోయిందో అని మర్నాడు వెతుకుతాం.

పండగ వెళ్లిపోతుంది, మాంజా వెళ్లిపోదు. కరెంటు తీగలకూ వేపకొమ్మలకూ నీళ్ల ట్యాంకు పైపులకూ చుట్టుకుని వారాల తరబడి వేలాడుతుంది. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017 జూలైలో దేశమంతటా నిషేధించింది. నిషేధం కాగితం మీద ఉంది, దారం చెట్టు మీద ఉంది. గాజుపొడి పూసిన దారం పిల్లి కాలికి చుట్టుకుంటే అది గింజుకుంటుంది. గింజుకున్న కొద్దీ దారం బిగుస్తుంది, తోలు తెగి కండ దాకా దిగుతుంది. ఇంకో ప్రమాదం చాలామందికి తెలియదు. పిల్లి నాలుక మీద గొంతు వైపు వంగిన ముళ్లు ఉంటాయి. దారం ఒకసారి నోట్లోకి పోతే ఉమ్మెయ్యలేదు, మింగుతూ పోవాల్సిందే. ఒక కొస నాలుక కింద చిక్కుకుని రెండో కొస పేగుల్లోకి పోతే, పేగులు కుచ్చులు పడి కోసుకుపోతాయి. నోటి నుంచి గానీ వెనక నుంచి గానీ దారం వేలాడుతూ కనిపిస్తే లాగొద్దు. చేతులు జోడించి చెబుతున్నా, లాగొద్దు. వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

గుజరాత్ ప్రభుత్వం ఏటా జనవరి 10 నుంచి 20 దాకా కరుణా అభియాన్ నడుపుతుంది. మాంజా తగిలిన పక్షులను కాపాడే పని అది. మంచి పని, నూటికి నూరు పాళ్లు మెచ్చుకోవాలి. 1962కి ఫోన్ చేస్తే జంతువుల అంబులెన్సు కూడా వస్తుంది. నా కోపం దాని మీద కాదు. 20వ తేదీ తర్వాత మొదలయ్యే దాని గురించి నా కోపం. మాంజా తెగ్గోసిన పిల్లికి కుట్లు పడ్డాయి, కట్టు కట్టారు, ఇంటికి తెచ్చారు. అప్పటి నుంచి ఆ పిల్లి బీరువా వెనక నుంచి రాదు. గిన్నె చప్పుడుకు ఉలిక్కిపడుతుంది. ఇసుక ట్రే పక్కనే ఉన్నా పరుపు మీద ఉచ్చ పోస్తుంది. అప్పుడు మన ఇళ్లలో వినిపించే మాటలు నాకు కంఠతా వచ్చు. ‘నయమైంది గదా, ఇంకా ఏం నాటకం?’ ‘నలుగుర్ల పెడితే అదే అలవాటైతది.’ ‘పిల్లి గదా, దానంతట అదే తిరుగుతది.’

అలవాటు కాదు. ఈ ఊరి మనుషులకు అర్థమయ్యే మాటే చెబుతాను. పవర్‌లూమ్ మీద వేలు తెగినవాణ్ణి కట్టు విప్పిన మర్నాడే అదే మగ్గం ముందు నిలబెట్టి ‘భయం పోతుంది’ అని స్విచ్ వేస్తామా? వేస్తే వాడి భయం పోదు, ముదురుతుంది. మగ్గం మీదే కాక, స్విచ్ వేసిన మన మీద కూడా భయం పుడుతుంది. పిల్లికీ అంతే. భయపడిన చోటికి దాన్ని బలవంతంగా తోస్తే అది నేర్చుకునేది ఒక్కటే: ఈ ఇంట్లో ఈ మనుషుల చేతులు కూడా నమ్మదగినవి కావు. గదిలో వేసి కొడితే పిల్లి కూడా పులవుతుందని మన పెద్దలు ఊరికే అనలేదు. దారి మూసేసింది మనం. గోరు తగిలేసరికి ‘దీనికి పిచ్చి పట్టింది’ అనేదీ మనమే.

కామ్‌రేజ్‌లోనే కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబం ఇంట్లో చూశాను. ఆడపిల్లి. వెనక కాలికి మాంజా దిగి కుట్లు పడ్డాయి. ఇంటి నిండా పండక్కొచ్చిన చుట్టాలు. పిల్లలు వంతులు వేసుకుని మంచం కిందికి దూరుతున్నారు, ఒకడు చీపురు కర్రతో కదుపుతున్నాడు. పిల్లి గోడ మూలకు నొక్కుకుని చెవులు తలకు అతికించుకుంది. కళ్లు నల్లటి గుండ్రాలైపోయాయి, బొచ్చు లోపల పొట్ట వేగంగా ఎగిరి పడుతోంది. ఒకడి చెయ్యి చీరుకుపోయింది. ఇక పెద్దల నోట గోనెసంచి మాట వచ్చింది. అప్పుడు ఆ ఇంటి ముసలమ్మ లేచి అందరినీ బయటికి వెళ్లగొట్టి తలుపు దగ్గరికి వేసింది. చీరెలకు రాళ్లు అతికించే పని ఆమెది, సూరత్‌లో ఎందరో ఆడవాళ్లు ఇంట్లో కూర్చుని చేసేదే. ఆ చీరె మూట తెచ్చుకుని ఆ గదిలోనే నేల మీద, మంచానికి వీపు పెట్టి కూర్చుంది. పిలవలేదు, వంగి చూడలేదు. జిగురు పెట్టడం, రాయి అతికించడం, జిగురు పెట్టడం. నేను తొంగి చూడబోతే కసిరింది. ‘దాన్ని సూడకు బిడ్డా. సూస్తే రాదు.’ రోజూ అదే వేళకు అదే చోట కూర్చునేది. లేచేటప్పుడు మంచం అంచున చేప ముక్క పెట్టి వెళ్లేది. కొన్నాళ్లకు ఆ పిల్లి చీరె కొంగు వాసన చూడటానికి బయటికి వచ్చింది. అప్పుడూ ఆమె చెయ్యి చాపలేదు.

ఆమె చేసింది అక్షరాలా సరైన వైద్యం. నెదర్లాండ్స్‌లోని ఒక పిల్లుల ఆశ్రమంలో చేసి, 2014లో వెలువరించిన అధ్యయనం ఒకటి ఉంది. కొత్తగా వచ్చిన 19 పిల్లుల్లో పదింటికి దాక్కోవడానికి పెట్టె ఇచ్చారు, తొమ్మిదింటికి ఇవ్వలేదు. మూడో నాలుగో రోజుకే పెట్టె ఉన్నవాటి బెదురు బాగా తగ్గింది, లేనివి ఇంకా వణుకుతూనే ఉన్నాయి. దాక్కోవడం జబ్బు కాదని, కోలుకునే పద్ధతే అదని తేలింది. ఒక్క అట్టపెట్టె! ఈ జిల్లాలో బట్టల దుకాణానికో వంద పడి ఉంటాయి. ఒకటి తెచ్చి, పక్కకు తిప్పి, పిల్లి వాసన ఉన్న పాత గుడ్డను ఉతక్కుండా అందులో వేసి, ఒక గదిలో మూలకు పెట్టడానికి మనకు చేతులు రావు. లాగడానికి మాత్రం వస్తాయి.

భయం అని మనం అనుకునేది చాలాసార్లు నొప్పి. ఆ సంగతి ముందు తేల్చుకోకుండా ధైర్యం చెప్పబోవడం మూర్ఖత్వం. పిల్లి నొప్పిని అరిచి చెప్పదు, దాచుకుంటుంది. మాంట్రియల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2019లో పిల్లి ముఖం చూసి నొప్పిని కొలిచే పద్ధతి ప్రకటించారు. చెవులు పక్కలకు వాలి దూరంగా జరగడం, కళ్లు సగం మూసుకోవడం, మూతి బిగుసుకోవడం, మీసాలు వంపు పోయి నిటారుగా నిలవడం, తల భుజాల కన్నా కిందికి దిగడం. ఈ అయిదూ ఎవరైనా చూడగలరు. కనిపిస్తే డాక్టరు ఇచ్చిన మందు వేయండి, మీరు వేసుకునే మందు వేయకండి. పారాసిటమాల్‌ను విరిచే శక్తి పిల్లి కాలేయానికి లేదు, ఒక్క మాత్ర చాలు ప్రాణం తీయడానికి. డెటాల్‌తో పుండు కడగడం కూడా విషం పెట్టడమే, పిల్లి ఆ పుండును నాకి తీరుతుంది గనక. ఒక రోజంతా ముద్ద ముట్టకపోతే ‘ఆకలేస్తే అదే తింటుంది’ అని ఊరుకోకండి. తిండి మానేసిన పిల్లికి కొద్ది రోజుల్లోనే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. గండుపిల్లి ట్రేలో మాటిమాటికీ కూర్చుని చుక్క కూడా పోయలేకపోతుంటే తెల్లారేదాకా ఆగకండి. బెదురు వల్ల మూత్రాశయం వాచి దారి మూసుకుపోతుంది, ఆ రాత్రే వైద్యం అందాలి.

పశువైద్యులకు కూడా ఒక మాట. మెడ పట్టి ఎత్తి బల్లకు అదిమి సూది వేయడం ఇంకా ఎన్నో చోట్ల ఆనవాయితీ. అలా పట్టుకోవద్దని అంతర్జాతీయ మార్గదర్శకాలు 2022లోనే చెప్పాయి. తువ్వాలు కప్పి, పిల్లి వచ్చిన బుట్ట పైమూత తీసి, అందులోనే ఉండగా చూడొచ్చు. మీ బల్ల మీద పుట్టిన భయాన్ని ఆ ఇంటివాళ్లు నెలల తరబడి మోయాలి. ఆస్పత్రి వాసనతో తిరిగొచ్చిన పిల్లిని ఇంట్లో రెండో పిల్లి గుర్తుపట్టక మీద పడుతుంది. ఈ మాట ముందుగా చెప్పి పంపేవాళ్లెందరు? వేరే గదిలో ఉంచి, ఒకదాని గుడ్డ ఇంకోదాని దగ్గర వేసి, వాసనలు కలిశాకే తలుపు తీయాలి.

బయటికి రావడం మొదలెట్టాక కూడా తొందర మనది కాకూడదు. తిండి గిన్నెను దాక్కున్న చోటి నుంచి రోజుకు కాస్త జరపాలి. బెదిరితే మళ్లీ వెనక్కి. కళ్లలోకి గుచ్చి చూడకుండా, పక్కకు తిరిగి కూర్చుని, రెప్పలు నెమ్మదిగా వాల్చి తెరవాలి. ఇలా చేసిన మనుషుల దగ్గరికి పిల్లులు ఎక్కువగా వస్తాయని ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయం 2020లో చూపించింది. కాలు పూర్తిగా కుదరని పిల్లికి కిటికీ దాకా ఎక్కడానికి ఒక స్టూలు వేయాలి, ఎత్తున కూర్చుంటేనే దానికి గుండె నిబ్బరం. దారానికి కట్టి ఆడించడం కాదు, పుల్ల చివర ఈక పెట్టి ఆడించాలి. వేటాడి పట్టుకున్న పిల్లికి పోయిన ధైర్యం తిరిగొస్తుంది. ఇందులో డబ్బు ఎక్కడ ఖర్చవుతుంది? ఖర్చయ్యేది మన తొందర, మన అహం. పిలవగానే రావాలనే అహం.

ఇక గోనెసంచి. పిల్లిని చంపితే పాపమనీ, ఆ పాపం పోవాలంటే బంగారు పిల్లిని చేయించి దానమివ్వాలనీ చిన్నప్పటి నుంచి విన్నవాళ్లం. అందుకే చంపం. సంచిలో వేసి ఊరవతల వదిలేస్తాం. కామ్‌రేజ్‌లో ఊరవతల అంటే ఏమిటి? ముంబయి-ఢిల్లీ లారీలు పగలూ రాత్రీ పరిగెత్తే 48వ నంబరు జాతీయ రహదారి. కుంటి కాలితో, బెదిరిన గుండెతో ఉన్న పిల్లిని ఆ రోడ్డు అవతల చెరకు తోటల దగ్గర వదిలితే అది ఏం చేస్తుంది? తన చోటికి తిరిగి రావాలని చూస్తుంది. ఆ రోడ్డు దాటబోతుంది. చంపింది లారీ అని మన మనసుకు సర్దిచెప్పుకుంటాం. కాదు, సంచి మూతి కట్టినవాడు చంపాడు. ఆకలిదప్పులకు జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. మొదటిసారికి శిక్ష పది రూపాయల నుంచి యాభై రూపాయల జరిమానా. అరవై ఏళ్లు దాటినా ఆ అంకె మార్చని పార్లమెంటు సభ్యులను ఓటు అడగడానికి వచ్చినప్పుడు నిలదీయండి.

జనవరి 14 వచ్చే ముందే ఒక గది చూసుకోండి. 13 రాత్రికే పిల్లిని అందులో చేర్చి, కిటికీలు మూసి, పెట్టె, నీళ్లు, ట్రే పెట్టి, పండగ ముగిసేదాకా చుట్టాలెవరూ అటు వెళ్లకుండా చూడండి. 16న చీపురూ సంచీ పట్టుకుని డాబా ఎక్కి మీ ఇంటి చుట్టూ ఉన్న మాంజా అంతా ఏరి, కాల్చకుండా ముక్కలుగా కత్తిరించి చెత్తబండికి ఇవ్వండి. ఇప్పటికే మంచం కింద ఒకటి నక్కి ఉంటే, ఆ గది తలుపు దగ్గరికి వేసి పిల్లల్ని బయటికి పంపి, వీపు తిప్పి కూర్చోండి.