ఈ యేఁటి వ్యాసంగము



ఉగాదినాఁడు మనము పూనిన వ్యాసంగములు పెక్కు లాషాఢము రాకమున్నే యటక యెక్కుచుండును. సోమరితనము దీనికిఁ గారణము గాదు. తీరిక యెంత గలదో చూచుకొనక, కోరిన దంతయుఁ దల కెత్తుకొనుటయే కారణమని మా తలఁపు.

ఈ యేఁడు మేము పాత పాటలను వ్రాసికొన నిశ్చయించితిమి. ఊర్మిళాదేవి నిద్ర, లక్ష్మణదేవర నవ్వు, కుశలాయకము మున్నగువానిని మన పెద్దలు పుస్తకముఁ జూడకయే పాడెదరు. పదునాలుగేండ్లు నిద్రించిన యూర్మిళ కథ వాల్మీకి రామాయణమున లేదు. దానిని స్త్రీలు పాటగాఁ గట్టి నిలుపుకొనిరి. ఇట్టివి కొన్ని యచ్చుపడినవి. కాని మీ యత్తగారి నోటనున్న పాఠమును, ఆ వరుసయు నచ్చులో దొరకవు. ఆమెతోడనే యవి పోవును.

నియమము స్వల్పము: శుక్రవారమున కొక పుట. ఏఁడాదికి 52 పుటలగును. పాటను ముందుగా ఫోనులోఁ బట్టియుంచి, పిదప వినుచు వ్రాయవలెను. అర్థము కాని మాటను దిద్దరాదు. విన్నట్లే వ్రాసి గుర్తు పెట్టవలెను. పాడినవారి పేరు, ఊరు, తేది మఱవరాదు. చుట్టములు వచ్చి యొక వారము తప్పినచో, మఱువారము రెండు పుటలు వ్రాయఁ బూనవలదు. ఆ బాకీయే వ్యాసంగమును మాన్పించును.

ఇందువలన ఫలమేమని యింటివా రడుగవచ్చును. కోడలు ప్రక్కఁ గూర్చుండి, “అత్తయ్యగారూ, ఆ చరణము మరల నొక్కసారి పాడెదరా?” యని యడిగిననాఁడు ఆ పెద్దమ్మగారి మొగము చూడుఁడు.